కార్తికమాసపు చలియు, సముద్రపు వేడియు
విశాఖపట్టణపు రేవువద్ద నవంబరు 19వ తేదీ శీతోష్ణక్రమము – రైతులు గ్రహింపవలసిన సంగతులు

విషయ ప్రస్తావన

వర్షము ఎంత కురిసినదియు రైతులందరును లెక్కించుకొందురు. వేడిమి ఎంత యున్నదియు లెక్కించువారు అరుదు. వాన కంటికి కనబడును, మడిలో నిలుచును, గెడ్డలో పారును. వేడిమి యట్లు కనబడదు. అయినను వరికంకిలో పాలు గట్టిపడుటకును, చెరకుగడలో తీపి చేరుటకును, మామిడికొమ్మ చిగురు వేయుటయా పూత పూయుటయా యనునది నిర్ణయమగుటకును శరదృతువు చివరి దినముల వేడిమియే ముఖ్యకారణము. కోసిన పనలు పొలములో పరచియున్న దినములలో సముద్రము మీద ఏమి పుట్టుచున్నదియు ఆ వేడిమియే చాలవరకు నిర్ణయించును.

విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరువద్ద నవంబరు 19వ తేదీన సాధారణముగా వేడిమి యెట్లుండును, ఎందువలన నట్లుండును, ఆ క్రమము తప్పినపుడు దాని యర్థమేమి, రైతు దానినిబట్టి ఏ పని చేయవలెను అను విషయములు ఈ కరపత్రమున వివరింపబడినవి. పత్రికలలోను రేడియోలోను విశాఖపట్టణమునకు చెప్పబడు అంకె సముద్రపు గాలి తగులుచోట కొలిచినది. ఆ యంకెను తన పొలమునకు అన్వయించుకొను విధము రైతు ఎరుగవలెను.

రెండు కార్తెల సంధి

రైతు కాలమును కార్తెలతో లెక్కించును. సూర్యుడు విశాఖ నక్షత్రమున నుండు కాలము విశాఖ కార్తె. అది నవంబరు 6వ తేదీ ప్రాంతమున ప్రారంభమై 19వ తేదీ ప్రాంతమున ముగియును. అంతట అనూరాధ కార్తె ప్రవేశించి డిసెంబరు 2వ తేదీ ప్రాంతము వరకు నుండును. కాబట్టి నవంబరు 19వ తేదీ రెండు కార్తెల సంధి. చాంద్రమానము ప్రకారము ఆ దినము తరచుగా కార్తికమాసమునను, కొన్ని సంవత్సరములలో మార్గశిరారంభమునను వచ్చును. తిథి మారినను సూర్యుని స్థానము మారదు గనుక వేడిమి విషయమున తిథికంటె కార్తెయే నమ్మదగినది.

అయితే కార్తె లెక్కయందు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. కార్తెలు నక్షత్రములనుబట్టి లెక్కింపబడును. ఋతువులు సూర్యుని ఉత్తర దక్షిణ గమనమునుబట్టి మారును. ఈ రెంటికిని సుమారు 72 సంవత్సరములకు ఒక దినము చొప్పున ఎడము పెరుగుచుండును. వెయ్యి సంవత్సరములలో అది దాదాపు 14 దినములగును. కావున పూర్వులు చెప్పిన కార్తె సామెతలు అసత్యములు కావుగాని, వానిని నేటి కొలతతో సరిచూచుకొనుట మంచిది.

ఆ దినమున విశాఖపట్టణమునందు సూర్యోదయము ఉదయము 6 గంటల 5 నిమిషముల ప్రాంతమునను, సూర్యాస్తమయము సాయంకాలము 5 గంటల 20 నిమిషముల ప్రాంతమునను జరుగును. పగటి పరిమాణము సుమారు 11 గంటల 15 నిమిషములు. జూన్ నెలలో అతిదీర్ఘమైన పగలు 13 గంటలకు మించి యుండును గనుక, ఎండ కాయు కాలము దాదాపు రెండు గంటలు తగ్గినదన్నమాట. సూర్యుడు నడినెత్తికి రాక మధ్యాహ్నమున సైతము దక్షిణపు దిక్కుగా 53 డిగ్రీల ఎత్తుననే నుండును. ఏటవాలుగా పడు ఎండకు తీక్ష్ణత తక్కువ. రాత్రి పొడవు కాగా నేల తన వేడిని ఆకాశమునకు విడుచుటకు ఎక్కువ వ్యవధి చిక్కును.

ఈ పట్టణమున కొలత ప్రారంభమైన విధము

వేడిమిని అంకెలతో కొలిచి వ్రాసియుంచు అలవాటు విశాఖపట్టణమునకు క్రొత్త కాదు. భారత వాతావరణ శాఖ 1875లో స్థాపింపబడుటకు సుమారు మూడున్నర దశాబ్దములకు పూర్వమే ఈ పట్టణమున ఒక స్వంత వేధశాల యుండెను. భూస్వామియైన గోడే వెంకట జగ్గారావుగారు మద్రాసు వేధశాలాధిపతియగు టేలరు దొరవద్ద శిక్షణ పొంది, 1840 ప్రాంతమున డాబాగార్డెన్సులో తమ సొంత ఖర్చుతో దానిని నెలకొల్పిరి. 1856లో వారు మరణించిన తరువాత వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నిర్వహించిరి. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబము మీదుగా పోవుటను వారు అచటినుండి పరిశీలించిరి. ఆకాశపరిశీలనతోపాటు వాతావరణ పరిశీలన కూడ అచట జరిగినది.

ఈ వృత్తాంతమునుండి రైతులు నేర్వవలసిన దొకటి కలదు. వేడిమిని కొలుచుట ప్రభుత్వోద్యోగులకే చెల్లునది కాదు. భూమిగల గృహస్థుడు శ్రద్ధ వహించి దినదినము ఒకే వేళకు ఒకే చోట కొలిచి వ్రాసినచో ఆ పుస్తకము తరతరములకు ఉపయోగించును.

ఆ కాలపు పట్టికలలో ఫారన్‌హీటు డిగ్రీలు వాడుకలో నుండెను. ఇప్పుడు సెంటిగ్రేడు డిగ్రీలు వాడుకలో నున్నవి. సెంటిగ్రేడు అంకెను 9 చేత గుణించి, 5 చేత భాగించి, 32 కలిపినచో ఫారన్‌హీటు అంకె వచ్చును. ఈ పత్రమునందలి అంకెలన్నియు సెంటిగ్రేడు డిగ్రీలే.

రేవువద్ద నిర్మలమైన ఒక దినము

మబ్బుగాని వానగాని లేని సాధారణ సంవత్సరమున నవంబరు మూడవ వారములో సముద్రపు టొడ్డున వేడిమి నడక సుమారుగా ఈ విధముగా నుండును.

సూర్యోదయమునకు కొంచెము ముందు వేడిమి అన్నిటికంటె తక్కువగా నుండును. అది సుమారు 22 డిగ్రీలు, అనగా 72 డిగ్రీల ఫారన్‌హీటు. ఆ వేళకు ఫిషింగ్ హార్బరునందు మరపడవలు చేరుచు చేపల వేలము సాగుచుండును. గాలి నేలమీదనుండి సముద్రము వైపునకు మెల్లగా వీచుచుండును. ఉదయము 8 గంటలు దాటిన పిమ్మట ఎండ తగిలి వేడిమి త్వరగా పెరిగి, 10 గంటల ప్రాంతమున 27, 28 డిగ్రీలకు చేరును. అంతట గాలి త్రిప్పుకొని సముద్రమునుండి నేలవైపు వీచును. మధ్యాహ్నము ఒంటిగంట ప్రాంతమున వేడిమి సుమారు 30 డిగ్రీలు, అనగా 86 డిగ్రీల ఫారన్‌హీటు వరకు పోయి నిలుచును. సముద్రపు గాలి వచ్చుటచేత అంతకంటె మిక్కిలి పెరుగదు. సాయంకాలము సూర్యుడు త్వరగా అస్తమించుటచేత 7 గంటలకే 26 డిగ్రీలకు దిగును. ఆపైన రాత్రియంతయు గంటకు అర డిగ్రీకంటె తక్కువ చొప్పున మెల్లగా తగ్గుచు మరల ఉదయమునకు 22 డిగ్రీలకు వచ్చును.

కాబట్టి పగటి హెచ్చునకును రాత్రి తగ్గునకును మధ్యగల తేడా రేవువద్ద సుమారు 8 డిగ్రీలు. ఈ తేడా యను అంకెను రైతులు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలెను. ముందు వివరింపబోవు సంగతులన్నియు దీనిని ఆధారము చేసికొనియున్నవి.

ఈ క్రమమునకు కారణములు

మొదటి కారణము సముద్రము. నీరు వేడిని త్వరగా గ్రహింపదు, గ్రహించినదానిని త్వరగా విడువదు. వేసవి మొదలుకొని కాగిన బంగాళాఖాతపు నీరు నవంబరు నెలలో సైతము ఒడ్డువద్ద 27, 28 డిగ్రీల వేడి కలిగియుండును. రాత్రివేళ గాలికంటె నీరే వెచ్చన. పొయ్యి ఆర్పినను చాలసేపు వెచ్చగా నుండు నీళ్ల కాగువలె సముద్రము తన ప్రక్కనున్న నేలను చలినుండి కాపాడును.

రెండవ కారణము ఆకాశము. నేల పగటివేళ గ్రహించిన వేడిని రాత్రి పైకి విడుచును. ఆకాశము నిర్మలముగా నున్నచో ఆ వేడి అడ్డులేక పోవును, తెల్లవారుసరికి చలి హెచ్చును, మంచు దట్టముగా పడును. మబ్బు పట్టినచో అది కప్పుకొన్న దుప్పటివలె వేడిని తిరిగి నేలకే పంపును. రాత్రి వెచ్చగా నుండును, గడ్డిమీద మంచు పడదు.

మూడవ కారణము గాలి. నైరృతి ఋతుపవనము అక్టోబరులో వెనుదిరిగిన పిమ్మట గాలి ఈశాన్యమునుండి వీచును. ఉత్తరపు నేలలమీదుగా వచ్చిన గాలి పొడిగాను చల్లగాను ఉండును. సముద్రము మీదుగా తూర్పునుండి వచ్చిన గాలి తేమగాను వెచ్చగాను ఉండును. ఒకే తేదీన ఒక సంవత్సరము దుప్పటి కావలసివచ్చుటకును, మరియొక సంవత్సరము ఉక్కపోయుటకును కారణము ఇదియే.

రేవునుండి మన్యము వరకు

విశాఖపట్టణమునకు చెప్పబడు అంకె జిల్లాలోని పొలములన్నిటికిని చెల్లదు. పట్టణములోనే వాల్తేరున సముద్రపు దాపున నున్న పరిశీలనా కేంద్రమునకును, కొండల నడుమ పల్లమున నౌకాదళ విమానక్షేత్రమువద్ద నున్న కేంద్రమునకును శీతకాలపు రాత్రులయందు రెండు మూడు డిగ్రీల తేడా కనబడుచుండును. రెంటికిని మధ్య దూరము కొద్ది కిలోమీటర్లు మాత్రమే.

పడమటగా సుమారు 40 కిలోమీటర్లు పోయి అనకాపల్లి చేరినచో సముద్రపు కాపుదల తగ్గును. పగటి వేడిమి రేవుకంటె ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువగాను, రాత్రి వేడిమి రెండు మూడు డిగ్రీలు తక్కువగాను ఉండును. అనగా రేవువద్ద 8 డిగ్రీలైన తేడా ఇచట 11, 12 డిగ్రీలు కావచ్చును.

ఇంకను పైకి పోయి మన్యమున అరకు, చింతపల్లి ప్రాంతములు చేరినచో ఎత్తువలన చలి పెరుగును. సాధారణముగా వేయి మీటర్లు ఎక్కినచో ఆరు డిగ్రీలకు పైగా వేడిమి తగ్గును. అచట మరియొక సంగతి కూడ కలదు. చల్లని గాలి బరువైనది. అది రాత్రివేళ కొండవాలులనుండి నీటివలె జారి లోయలోని పల్లపు పొలములలో నిలుచును. సుమారు వేయి మీటర్ల ఎత్తుననున్న లంబసింగివద్ద డిసెంబరు, జనవరి మాసములలో వేడిమి సున్న డిగ్రీల దరిదాపునకు దిగుటకు ఎత్తొక్కటియే గాక ఈ నిలిచిన చల్లగాలియు కారణము.

పల్లపు మడి మెట్టచేనికంటె చల్లన అను న్యాయము మైదానమునకును వర్తించును. ఒకే రైతునకు గట్టుమీద ఒక చెక్క, గెడ్డ ప్రక్కన ఒక చెక్క యున్నచో, ఆ రెంటికిని నిర్మలమైన రాత్రివేళ రెండు డిగ్రీల తేడా యుండుట వింత గాదు. పంటను ఎన్నుకొనునపుడును విత్తు వేళ నిర్ణయించునపుడును దీనిని గమనింపవలెను.

క్రమము తప్పిన దినము

ఇంతవరకు చెప్పినది నిర్మలమైన దినము సంగతి. నవంబరు నెలలో క్రమము తప్పు దినములు కూడ కలవు. రైతునకు ఎక్కువ నష్టము కలుగునది ఆ దినములయందే.

సముద్రపు నీరు సుమారు ఇరువదియారున్నర డిగ్రీలు, అంతకు మించి వేడి కలిగియున్నచో తుపాను పుట్టుటకును బలపడుటకును అవకాశము కలదు. నవంబరులో బంగాళాఖాతము ఆ మేరకు వెచ్చగానే యుండునని పైన చెప్పబడినది. చలినుండి తీరమును కాపాడు ఆ సముద్రపు వేడియే తుపానునకు ఆహారము. రాత్రి చలి తక్కువయని తీరవాసులు సంతోషించుటకును, భయపడవలసివచ్చుటకును మూలము ఒక్కటియే.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని కృష్ణాజిల్లా వాసులు మరువజాలరు. ఆ దినమున తుపాను ఆంధ్రతీరమును దాటి దివిసీమను దెబ్బతీసెను. సుమారు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి గ్రామములను ముంచివేసెను. దాదాపు పదివేల మంది మరణించిరి. కోతకు వచ్చిన వరిపంట నాశనమయ్యెను. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్దనే తీరము దాటి పట్టణమును, హార్బరులోని పడవలను, చెరకు, కొబ్బరి, జీడిమామిడి తోటలను ధ్వంసము చేసెను. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలగూల్చెను. ఈ మూడును వరి పొట్టమీద గాని, కంకిమీద గాని, కోతలో గాని యున్న కాలముననే వచ్చినవి.

ఇట్టి వాతావరణము సమీపించునపుడు వేడిమి క్రమమున ఒక మార్పు కనబడును. మబ్బువలన పగటి వేడిమి 30 డిగ్రీలకు చేరక 26, 27 డిగ్రీలవద్దనే నిలుచును. రాత్రి వేడిమి 22 డిగ్రీలకు దిగక 24, 25 డిగ్రీలవద్దనే యుండును. తేడా 8 డిగ్రీలనుండి రెండు మూడు డిగ్రీలకు కుదించుకొనిపోవును. తెల్లవారి గడ్డిమీద మంచు కనబడదు. గాలి తూర్పు దిక్కునుండి తెరలు తెరలుగా వీచును. ఇవన్నియు ఒక్కమారుగా కూడినచో సముద్రముపై అల్పపీడనము ఏర్పడియుండునేమో యని రైతు జాగ్రత్తపడి వెంటనే వార్త తెలిసికొనవలెను. మబ్బు పట్టిన ప్రతి రాత్రియు తుపాను రాత్రి గాదు. ధర్మామీటరు అనుమానము కలిగించును గాని నిర్ధారణ చేయజాలదు. నిర్ధారణ విశాఖపట్టణమునందలి తుపాను హెచ్చరిక కేంద్రము చేయవలసినది.

ఆ హెచ్చరికలు దశలవారీగా వెలువడును. తీరమున చెడువాతావరణము ప్రారంభమగుటకు కనీసము 48 గంటలకు ముందు ఒక హెచ్చరికయు, కనీసము 24 గంటలకు ముందు మరింత ఖచ్చితమైన హెచ్చరికయు వచ్చును. రేవులయందు 1వ నంబరు మొదలు 11వ నంబరు వరకు ప్రమాదసూచికలు ఎగురవేయుదురు. అంకె పెరిగినకొలది అపాయము పెరుగును. 1వ నంబరు దూరమున సముద్రముపై అల్పపీడనము కలదనియు, 10వ నంబరు మహాప్రమాదమనియు తెలుపును. ఫిషింగ్ హార్బరునందు మత్స్యకారులు ఆ సూచికను చూచి పడవ విప్పరు, విప్పినవారు తిరిగివత్తురు. అదే సూచిక రైతునకు కూడ చెల్లును. రేవులో పడవలు కట్టివేసినారని విన్న దినమున పొలములో కొడవలి పెట్టరాదు.

వరి పంట

ఖరీఫున నాటిన వరిలో తక్కువ కాలపు రకములు నవంబరు మధ్యకే కోతకు వచ్చును. 150 దినముల పంటయైన స్వర్ణ వంటి రకములు నెల చివరను, డిసెంబరు మొదటను కోతకు వచ్చును. కావున 19వ తేదీన కొన్ని మడులు కోసియు, కొన్ని గింజ గట్టిపడుచును ఉండును.

గింజ గట్టిపడు మడులకు నిర్మలమైన పగలును చల్లని రాత్రియు మేలు చేయును. రాత్రి వెచ్చగా నున్నచో పైరు పగలు సంపాదించిన సారమును శ్వాసక్రియకు ఎక్కువగా ఖర్చు చేయును. చల్లగా నున్నచో ఆ సారము గింజలోనికి చేరును. అయితే ఆలస్యముగా నాటిన మడి ఇంకను పూతమీద నున్నచో, మన్యమునందును లోయలందును రాత్రి చలి హెచ్చగుటవలన తాలు గింజలు పెరుగును. అట్టి స్థలములలో నాట్లు ముందుగా ముగించుటయే నివారణ.

రాత్రి వేడిమి 20 డిగ్రీల ప్రాంతమున నుండి, మంచు ఉదయము చాలసేపటివరకు ఆకులమీద నిలిచినచో అగ్గితెగులు, మెడవిరుపు తెగులు వ్యాపించును. అట్టి దినములలో ఆకులమీద నూలుకండె ఆకారపు మచ్చలకొరకు ఉదయమున మడి చూడవలెను. నత్రజని ఎరువు ఆలస్యముగా వేసినచో తెగులు హెచ్చును.

కోసిన పనలు ఆరుటకు మూడు నాలుగు దినములు పొలముననే పరచియుంచుట ఆచారము. సంవత్సరపు కష్టమంతయు కప్పు లేక నేలమీద నుండునది ఆ నాలుగు దినములే. కాబట్టి కోతకు ముందు దినమున రైతు మూడు విషయములు చూచుకొనవలెను. గడచిన రెండు రాత్రుల వేడిమి తగ్గుచున్నదా, ఉదయమున మంచు పడుచున్నదా, రేవులో సూచిక లేదా? ఈ మూడును అనుకూలముగా నున్నచో కోయవచ్చును. హెచ్చరిక వచ్చిన యెడల కోయని మడిని అట్లే యుంచి నీరు తీసివేయవలెను. కోసినదానిని వెంటనే ఎత్తైన కళ్లమునకు చేర్చి, కంకులు లోపలివైపునకు వచ్చునట్లు కుప్పవేసి, టార్పాలిను కప్పవలెను. అప్పటికే తడిసిన పనలమీదను, పడిపోయిన పైరు కంకులమీదను లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు చొప్పున కలిపిన ద్రావణము చల్లినచో గింజ మొలకెత్తుట తగ్గును. ధాన్యము అమ్మునపుడు తేమ నూటికి 17 పాళ్లకు మించరాదని కొనుగోలు కేంద్రములలో నియమము కలదు.

వరి పిదప అపరాలు

వరి కోతకు రెండు మూడు దినములు ముందుగా నిలువు పైరులోనే మినుము, పెసర విత్తనములు చల్లు ఆచారము కోస్తా జిల్లాలలో కలదు. మినుములైనచో ఎకరమునకు 16 మొదలు 18 కిలోలు అవసరము. ఈ పంటకు ప్రత్యేకముగా నీరు పెట్టరు. మడిలో మిగిలిన తేమయు, రాత్రి పడు మంచుయే దానికి ఆధారము. విత్తనము మొలచుటకు నేల కొంచెము వెచ్చగా నుండవలెను. నవంబరు మూడవ వారమున మైదానపు నేలలు ఆ వెచ్చదనము కలిగియుండును. డిసెంబరు గడచినకొలది అది తగ్గును. ఆలస్యముగా చల్లిన చేలలో మొలక మందగించుటయే గాక, చలిలో బూడిద తెగులు ముందుగా సోకును. పూత కాలము వేసవి ఎండలో పడి కాయ తగ్గును. కాబట్టి తీరపు పొలములవారికి కొంత సావకాశమున్నను, లోతట్టు పొలములవారు తొందరపడవలెను. సముద్రపు వెచ్చదనము రేవునకు దగ్గరనున్న రైతునకు ఇచ్చు అదనపు వ్యవధి లోతట్టువానికి లేదు.

చెరకు, మామిడి

చెరకునకు పెరుగుదల కాలమున వేడిమియు తేమయు కావలెను. పక్వమునకు చల్లని రాత్రియు, నిర్మలమైన పగలును, పొడి గాలియు కావలెను. రాత్రులు చల్లబడినపుడు గడ పెరుగుట ఆగి, ఆకు తయారుచేసిన చక్కెర గడలో నిలువచేరును. అందుచేత నవంబరు చివర రాత్రులు వెచ్చగాను మబ్బుగాను నడచిన సంవత్సరము తొందరపడి గానుగ ఆడినచో బెల్లము సరిగా గట్టిపడదు. తేదీనిబట్టి గాక గడను పరీక్షించియే కొట్టవలెను. చేతి రిఫ్రాక్టోమీటరుతో మొదటి కణుపు రసమును, కొనవైపు రసమును పరీక్షించినపుడు రెండంకెలు దాదాపు సమానమైనచో గడ పండినట్లు. 1913లో స్థాపింపబడిన అనకాపల్లి పరిశోధనా కేంద్రమున చెరకు విషయమై సలహా లభించును.

మామిడి సంగతి ఇంచుక భిన్నమైనది. ముదిరిన కొమ్మకు నవంబరు, డిసెంబరు మాసములలో చల్లని రాత్రులును నేలలో పొడియు తటస్థించినచో పూమొగ్గ ఏర్పడును. వెచ్చదనమును తడియు తటస్థించినచో అదే కొమ్మ ఆకుచిగురు వేయును. చలి రైతు చేతిలో లేదు, నీరు మాత్రము చేతిలోనిదే. కాబట్టి కాపుకు వచ్చిన తోటలకు అక్టోబరు మొదలు పూత కనబడువరకు నీరు కట్టరాదు, నత్రజని ఎరువు వేయరాదు. చెట్టు వాడినట్లున్నదని జాలిపడి కట్టిన ఒక్క తడి ఆ సంవత్సరపు పూతకు చెరుపు కావచ్చును.

పొలమున ధర్మామీటరు ఉంచు విధము

హెచ్చు తగ్గులను రెంటిని చూపు ధర్మామీటరు ఒకటి గ్రామమునకు కనీసము ఒక్కటియైన నుండుట మేలు. దానిని ఎండ నేరుగా తగులు గోడకు గాని, పెంకుటింటి చూరునకు గాని వ్రేలాడదీయరాదు. గోడ పగటి వేడిని దాచి రాత్రి విడుచును గనుక అంకె తప్పగును. నాలుగువైపుల గాలి ఆడు చిన్న గడ్డిపందిరి వేసి, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, పొయ్యికిని పశువులశాలకును దూరముగా నుంచవలెను. ప్రభుత్వ కేంద్రములలో తెల్లరంగు వేసిన సందుల పెట్టెయందు, తలుపు ఉత్తరమునకు ఉండునట్లు అమర్చుదురు.

ప్రతిదినము ఉదయము 8 గంటల 30 నిమిషములకు చూచుట మంచిది. వాతావరణ శాఖవారును ఆ వేళనే చూచెదరు గనుక రెండంకెలను పోల్చుకొనవచ్చును. పుస్తకమున ఆరు గడులు గీసి తేదీ, రాత్రి తగ్గు, పగటి హెచ్చు, తేడా, ఆకాశము, గాలి దిక్కు అను వానిని వ్రాయవలెను. మంచు పడినదో లేదో ప్రక్కన గుర్తు పెట్టవలెను. మొదటి సంవత్సరమున ఈ పుస్తకము ఏమియు చెప్పదు. తన పొలము పట్టణపు అంకెకంటె ఎన్ని డిగ్రీలు తక్కువయో రెండవ సంవత్సరమున తెలియును. అయిదు సంవత్సరములైన పిమ్మట ఏ కార్తెలో ఏ చెక్క ఎంత చల్లబడునో ఇంటిలోని పిల్లవాడు సైతము చెప్పగలడు.

కాలము మారుచున్న సంగతి

పూర్వపు చలి ఇప్పుడు లేదని వృద్ధులు చెప్పుట కలదు. ఆ మాటలో నిజము కలదు. 1901 మొదలు 2018 వరకు భారతదేశపు సగటు వేడిమి సుమారు 0.7 డిగ్రీ పెరిగినది. 1951 మొదలు 2015 వరకు హిందూమహాసముద్రపు ఉష్ణమండల భాగమున పైనీటి వేడిమి సుమారు ఒక డిగ్రీ పెరిగినది. పట్టణములలో కాంక్రీటు మేడలు, రోడ్లు పగటి వేడిని దాచి రాత్రి విడుచుటచేత అచటి రాత్రులు మరింత వెచ్చబడును. 1933లో పెద్ద ఓడరేవు ఏర్పడునాటికి చిన్నదైన విశాఖపట్టణము ఇప్పుడు ఉక్కు కర్మాగారముతోను, పరిశ్రమలతోను విస్తరించినది. కావున పట్టణపు అంకెలోని పెరుగుదల అంతయు పొలమున జరిగినదని తలపరాదు. అట్లని పొలమున ఏ మార్పును లేదనియు తలపరాదు.

ఒక డిగ్రీ స్వల్పముగా కనబడును. కాని సగటు ఒక డిగ్రీ పెరిగినచో చల్లని రాత్రుల సంఖ్య తగ్గును, మామిడిపూతయు చెరకు పక్వమును కొన్ని దినములు వెనుకకు పోవును, వెచ్చని సముద్రము తుపానునకు హెచ్చు బలమిచ్చును. తాతలనాటి తేదీని పట్టుకొని పనిచేయు రైతు ఈ మార్పును గుర్తింపజాలడు. తన పుస్తకమున అంకె వ్రాసికొను రైతు గుర్తింపగలడు.

సారాంశము

1. నవంబరు 19వ తేదీ ప్రాంతమున విశాఖపట్టణపు తీరమునందు పగటి హెచ్చు సుమారు 30 డిగ్రీలు, రాత్రి తగ్గు సుమారు 22 డిగ్రీలు, తేడా సుమారు 8 డిగ్రీలు.

2. లోతట్టు పొలములలో తేడా పెరుగును. పల్లపు పొలము మెట్టకంటె చల్లన. మన్యము అన్నిటికంటె చల్లన.

3. రాత్రి వెచ్చబడి, పగలు చల్లబడి, తేడా కుదించుకొని, మంచు పడక, తూర్పుగాలి వీచినచో వెంటనే వాతావరణ వార్త విచారింపవలెను.

4. రేవులో ప్రమాదసూచిక ఎగురవేసిన దినమున వరి కోయరాదు. కోసిన పనలను పొలమున విడువరాదు.

5. అపరాలు లోతట్టు మడులలో ముందుగా చల్లవలెను. చెరకును గడ పరీక్షించి కొట్టవలెను. మామిడికి పూత కనబడువరకు నీరు ఆపవలెను.

6. ప్రతి రైతు గాని, గ్రామమునకు ఒకరు గాని హెచ్చుతగ్గుల ధర్మామీటరు ఉంచి దినదినము వ్రాయవలెను.

ఈ విషయములలో సందేహములున్నవారు తమ గ్రామమందలి రైతు సేవా కేంద్రమునగాని, మండల వ్యవసాయాధికారి వద్దగాని విచారించి తెలిసికొనవచ్చును. విచారించుటకు పోవునపుడు తమ వేడిమి పుస్తకమును వెంట తీసికొనిపోయినచో సలహా ఇచ్చువారికి తమ పొలపు స్థితి స్పష్టముగా తెలియగలదు.